చిన్నమ్మ కుట్టిన పెళ్లి సంచులు

మా చిన్నమ్మ చనిపోయిన సంగతి నాకు ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ పొద్దున మా అక్క తన కొడుకు పెళ్లిలో పంచడానికి నాలుగు రకాల రిటర్న్ గిఫ్టుల ఫొటోలు పెట్టి, ఏది బాగుందో చెప్పమని అందరినీ అడిగింది. గంట తర్వాత అదే గ్రూపులో అదే అక్క, చిన్నమ్మ కుట్టుమిషన్ దగ్గరే పడిపోయిందనీ, దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందనీ రాసింది. వరసగా దండాల బొమ్మలు వచ్చాయి. వాటి కిందనే, మూడు నిమిషాలైనా కాకముందే, ఎవరో రాశారు: "రెండోదే బాగుంది. గులాబీ రంగుది."

ఆ రాసిన మనిషిని నేను తిట్టను. పై సంగతి చూసుకోలేదేమో. తిట్టవలసిన వాళ్లు వేరే ఉన్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను, అదీ ముందు వరసలో.

పదోనాడు అక్క స్టీలు డబ్బాలు తెప్పించింది. మూత మీద చిన్నమ్మ పేరు, పక్కన చిన్న ఫొటో. వచ్చినవాళ్లందరూ రెండు చేతులా అందుకున్నారు. బతికుండగా ఏ శుభకార్యంలోనూ ఆమె చేతి నుంచి ఒక పువ్వు అందుకోని చేతులే అవి. మనిషికి అంటగట్టిన వైధవ్యం మనిషి పేరుకు అంటదు కాబోలు. స్టీలు మీద అచ్చు వేయిస్తే మరీ శుభ్రమై పోతుంది కాబోలు.

మీరు ఆమెను ఎరగరు. చెబుతాను.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. ఖిలా వరంగల్‌లో, కోట రాతి దర్వాజా దాటాక ఎడమవైపు సందులో ఒక గది, వాకిట్లో ఒక కుట్టుమిషన్. చిన్నాయన ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసేవాడు. ఆమెకు ఇరవై ఆరేళ్లప్పుడు ఆయన పోయాడు. పిల్లలు లేరు. అప్పటినుంచి నలభై ఏళ్లు ఆమె ఊరి ఆడవాళ్లకు జాకెట్లు కుట్టింది. ఆ జాకెట్లు తొడుక్కుని వాళ్లంతా పెళ్లిళ్లకు పోయేవాళ్లు. ఆమె కూడా పోయేది, పిలిస్తే. పిలిచి వెనక కూర్చోబెట్టేవాళ్లు.

నేను చిన్నప్పుడు ఆమె పక్కనే కూర్చునేవాణ్ని కాబట్టి చూశాను. పసుపు కుంకుమలతో, జాకెట్ ముక్కలతో పళ్లెం పట్టుకుని ఒక పిల్ల వరస వెంట వచ్చేది. ఆ పళ్లెం చిన్నమ్మ ముందు ఆగినట్టే ఆగి, ఆమె నుదురు చూసి, పక్కకు జరిగేది. సరిగ్గా ఆ క్షణానికి చిన్నమ్మకు కింద పడ్డ హుక్కు ఏదో కనిపించేది. వంగి వెతికేది. పళ్లెం దాటిపోయాక లేచేది. ఎన్ని పెళ్లిళ్లలో ఎన్ని హుక్కులు వెతికిందో. ఒక్కటీ దొరికినట్టు నాకు గుర్తు లేదు.

ఈ పంచిపెట్టుడు మీద ఆమెకు ఉన్నంత ఎరుక ఇంకెవరికి ఉంటుంది? పంచిన జాకెట్ ముక్కలన్నీ చివరికి ఆమె బల్ల మీదికే వచ్చేవి. ఎనభై సెంటీమీటర్లని రాసి ఉంటుంది, కొలిస్తే డెబ్బై. వీపు తీస్తే చేతులు రావు. ఉతికితే రంగు నిలవదు. అందుకే ఎవరూ కుట్టించుకోరు, ఇంకొక పెళ్లిలో ఇంకొకరి ఒడిలో పెట్టేస్తారు. ఒకసారి చిన్నమ్మ ఒక ఆకుపచ్చ ముక్క మూలకు ఎర్రదారంతో గుర్తుకు ఒక కుట్టు వేసి, కుట్టడానికి చాలదని తిరిగి ఇచ్చేసింది. ఏడాది తిరక్కుండానే అది వేరే ఇంటామె సంచిలో మళ్లీ వచ్చింది. "గిది నాకు చుట్టమైంది," అంది ఆ ముక్కను అందరికీ చూపిస్తూ. "మూడు పెండ్లిళ్లు తిరిగొచ్చింది. పాపం, దీనికి గూడ బువ్వ వెట్టుండ్రి."

పెళ్లి పెట్టుకున్నవాళ్లు సలహాకు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. తక్కువలో, కొంచెం అర్థమున్నది ఏదైనా చెప్పమనేవాళ్లు. ఆమె రెండే అడిగేది. అది తెల్లారి తీసుకున్నవాళ్ల ఇంట్లో ఎక్కడుంటుందని ఒకటి. సజ్జ మీద ఉంటుందంటే వద్దనేది. రెండోది, చేతులెన్నని. అది విన్నాక చాలామంది మొహాలు మాడ్చుకునేవాళ్లు. "ముందుగాల చేతులు లెక్కవెట్టుకో. అంట్లు తోమేటోళ్లవి, టెంటు కట్టెటోళ్లవి గూడ. గా చేతులన్నిటికి సరిపోయేదే నీకు అగ్గువ."

బడ్జెట్ అనే మాటకు ఇంతకన్నా మంచి అర్థం నేను ఏ ఆర్థికవేత్త దగ్గరా వినలేదు. మనం చేసేది దీనికి తలకిందులు. ముందు వస్తువు చూస్తాం, దాని మెరుపు చూస్తాం, తర్వాత డబ్బు చాలదని మనుషులను కొట్టేస్తాం. కొట్టేసేది ఎవరిని? ముండమోపి అని ఒకరిని, పనివాళ్లని ఒకరిని, మనవాళ్లు కాదని ఇంకొకరిని. మిగిలినవాళ్లకు ప్లాస్టిక్ కుంకుమ భరిణె ఇచ్చి, దాని పేరు సంప్రదాయం అంటాం. ఎవరికి ఇవ్వాలన్నది కాదు, ఎవరికి ఇవ్వకూడదన్నదే ఆ పళ్లెం మోసుకొచ్చే అసలు సంగతి. ఇది నేను పాతికేళ్లుగా రాస్తున్నాను. సభల్లో మైకు పట్టుకుని చెబుతున్నాను. చప్పట్లు కూడా కొడతారు.

పోయిన ఏడు మా బిడ్డ పెళ్లి కుదిరింది. వియ్యంకులది మరిపెడ. పంచడానికి ఏమిటన్నప్పుడు మా బిడ్డే చిన్నమ్మ దగ్గరికి పోయింది. ఇద్దరూ కూర్చుని తేల్చారు: మందపాటి నూలు గుడ్డతో సంచి. బొట్టున్న మనిషి చెయ్యైనా, లేని మనిషి చెయ్యైనా, మగవాడిదైనా, పక్కింటి సాయిబు గారిదైనా పట్టుకోగలిగింది. మూడోనాడు కూరగాయలకు పోగలిగింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు అచ్చు వేయిద్దామని అక్క అంటే చిన్నమ్మ నవ్వింది: "ఆళ్ల పేరు మీద వంకాయలు మోయాల్నా?" ఖాళీ సంచి ఇవ్వకూడదని అక్క మళ్లీ పట్టుబట్టింది. సరేనని లోపల ఒక బెల్లం ముక్క, గుప్పెడు పల్లీలు.

నాలుగు వందల సంచులు రెండు నెలల్లో ఆమె ఒక్కతే కుట్టింది. పట్టీలు ఊడకుండా ప్రతిదానికీ అడ్డకుట్లు వేసింది. కూలి సంగతి ఎత్తితే అది తన చదివింపు అంది. ఒక్కటే అడిగింది. నలభై ఏళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

"గేటు కాడ నిలవడి నా చేత్తోని నేనే ఇస్త బిడ్డా. జర గంతే."

తప్పకుండా అన్నాను. ఆ మాట అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. మాటలు నాకు ఎప్పుడూ తొందరగానే వస్తాయి.

పెళ్లినాడు హన్మకొండ ఫంక్షన్ హాలు గేటు దగ్గర బల్ల వేసి సంచులు పేర్చాం. చిన్నమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని దాని వెనక నిలబడింది. మగపెళ్లివాళ్ల బస్సు ఇంకా దారిలో ఉందనగా అక్క నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, నువ్వు రాసేది రాసుకో, నేను కాదనను. గని ఆళ్లు రాంగనే ఎదురుంగ చిన్నమ్మనే నిలవెడ్తే ఏమనుకుంటరు? రేపు పిల్ల ఆ ఇంట్ల బతకాలె."

నేను వాదించాల్సింది. వాదించడమే నా పని. ఒక ముక్క రాయమంటే రాత్రికి రాత్రి పది పేజీలు రాస్తాను. ఆ పూట గేటు దగ్గరికి పోయి, చిన్నమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అన్నాను: "పొద్దటి సంది నిలవడ్డవు చిన్నమ్మా. జర లోపల కూసో. పిల్లలు ఇస్తరు తీ."

ఆమె నా మొహం చూసింది. అంతా అర్థమైంది. "గట్లనే బిడ్డా," అంది. "మోకాళ్లు గూడ గుంజుతానయ్."

రెండు నెలలు మిషన్ తొక్కిన మోకాళ్లు అవి. నా సాకు చాలదన్నట్టు, ఇంకొక సాకు ఆమే అందించి లోపలికి పోయింది.

బస్సు వచ్చింది. పెళ్లికొడుకు నాయనమ్మ చివర దిగింది. బోసి నుదురు, నెరిసిన జుట్టు. గేటు దగ్గర మా మేనకోడలు సంచి అందిస్తే ఆ ముసలామె చేతులు కొంగులోకి లాక్కుంది. "నాకా? చూసుకొని ఇయ్యి బిడ్డా," అంది. "అందరికి అవ్వా," అంది మా పిల్ల. ఆమె తీసుకుంది. చంకలో పెట్టుకుంది. భోజనం దగ్గర కూడా కింద పెట్టలేదు. కాసేపటికి వియ్యపురాలు నా దగ్గరికి వచ్చి, మా అత్తమ్మ ఇంత సంబురపడంగ నేను చూడలేదన్నా, ఇవి కుట్టినామెను చూపెట్టండి అని అడిగింది.

అంటే వాళ్లు ఏమీ అనుకోలేదు. అనుకుంటారని అనుకున్నది మేము. మా భయాన్ని వాళ్ల నెత్తిన పెట్టి, మా పెద్దదిక్కును మేమే గేటు దగ్గర నుంచి లేపాం. ఎవరి కోసం ఆమె నాలుగు వందల సంచులు కుట్టిందో, ఆ మనిషి సంచి అందుకున్నప్పుడు చూడకుండా చేశాను.

ఆ సంగతి చెబుదామని వెంటనే లోపల వెతికి, చిన్నమ్మ కనబడక హాలు వెనక్కి పోయాను. అక్కడ నల్లా దగ్గర గిన్నెలు తోమే ఆడవాళ్లు ఐదారుగురు. వాళ్ల మధ్య బోర్లించిన గంగాళం మీద చిన్నమ్మ కూర్చుని ఉంది. వాళ్ల లెక్కకు సంచులు ముందే పక్కన పెట్టుకున్నట్టుంది. తడి చేతులతో తీసుకుంటే బెల్లం కరుగుతుందని, ఒక్కొక్కరి చెయ్యి తన ఇస్త్రీ చీర కొంగుతో తుడిచి, తుడిచిన చేతిలో సంచి పెడుతోంది.

"మరి నీదేదవ్వా?" అని ఒకామె అడిగింది.

"నేను ఇంటిదాన్ని గద బిడ్డా," అంది చిన్నమ్మ. "ఇంటోళ్లు తీసుకోరు."

నేను తలుపు దాటలేదు. ఇంకొక తడి చేతిని ఆమె తన ఒడిలోకి లాక్కుని, వేలు వేలుకూ తుడుస్తోంది.