యోహాను మంచం పక్కన సిలువ కథ

1946 ఏప్రిల్. అప్పుడు నేను సిద్దిపేటలో ఒక చిన్న మిషన్ దవాఖానలో నర్సును. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం కొండపాక వైపు నుంచి యోహాను అనే కూలి మనిషిని ఎడ్లబండిలో తెచ్చారు. ప్రార్థనకు పోవాలి, ఈ ఒక్కనాడు వెట్టికి రానన్నందుకు దొర మనుషులు కొరడాతో కొట్టారు. ఎడమ చెయ్యి విరిగింది. డాక్టరు స్ప్లింట్ వేశారు. అంటే ఎముక కదలకుండా చెక్కలు పెట్టి కట్టడం. వీపుకు డ్రెస్సింగ్ నా పని. పుండ్లకు అంటుకుపోయిన అంగీని ఉప్పునీళ్లతో తడిపి పోగు పోగుగా తీశాను. కోపంతో నా పళ్లు బిగుసుకుపోయాయి.

యోహాను ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఏటా ఈ రోజు యోహాను తల్లి ఎస్తేరవ్వ సిలువ కథ చెబుతుంది. మధ్యలో ఆపి, ఆ జాగాలో నువ్వుంటే ఏమనిపించేదని ఒక్కొక్కరినీ అడుగుతుంది. ఈసారి వెంట వచ్చిన కోడలిని, మనవరాలిని కూర్చోబెట్టుకుని, దవాఖానలో కొడుకు మంచం పక్కన నేల మీదే మొదలుపెట్టింది.

"పేతురు కత్తి దూసిండు. నీకేమనిపిస్తుంది, మార్తా?"

"మంచిగనిపిస్తుంది అత్తా," అంది యోహాను భార్య. "ప్రభువు గా కత్తి లోపల పెట్టుమని ఎందుకన్నడో నాకు ఇయ్యాల సమజైతలేదు."

"శిష్యులందరు ఉరికిన్రు. నీకు, రూతూ?"

"మనూరోళ్లు గూడ తలుపులేసుకున్నరు నానమ్మా," అంది కూతురు. "నేను గా శిష్యులతోని మాట్లాడకపోదును."

రోగులను చూడవచ్చిన పాదిరిగారు అప్పటికే గుమ్మంలో నిలబడి వింటున్నారు.

"ఇంత పవిత్రమైన రోజున కోపం తగదమ్మా. ప్రభువు సిలువ మీదనే క్షమించాడు. మీరూ క్షమించండి," అన్నారు.

మార్తమ్మ లేచి నిలబడింది. "కొట్టినోళ్ల తానికి పోయి కొట్టకున్రి అని చెప్పిన్రా, అయ్యగారూ?"

బోర్లా పడుకున్న యోహాను తల ఎత్తకుండానే అన్నాడు: "వీపు నాది. మాఫ్ చేసేదుంటే నేను చేస్త. ఇప్పుడైతే చెయ్య."

"అయ్యగారూ, డ్రెస్సింగ్ మార్చాలి, బయట కూర్చోండి," అన్నాను. మార్చే వేళ ఇంకా కాలేదు.

ఈస్టరు పొద్దున వీపు కట్టు విప్పితే చీము లేదు. ఎస్తేరవ్వ మిగిలిన కథ చెబుతోంది. తెల్లవారకముందే ఆడవాళ్లు సమాధికి పోయారు, రాయి తొలగి ఉంది. రూతు తండ్రి వీపునే చూస్తూ అడిగింది: "ప్రభువు లేసినంక గాయాలు మానినయా, నానమ్మా?"

"లేదు బిడ్డా. చేతులల్ల అట్లనే ఉండె. గవి చూపిచ్చే నేనేనని చెప్పిండు."

యోహాను అప్పుడు ఏడ్చాడు. కొరడా దెబ్బలకు ఏడవని మనిషి. మార్తమ్మ పక్కన కూర్చుని తల నిమిరింది.

చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కుంది. యోహాను మళ్లీ ఆ దొర గడప తొక్కలేదు. సిద్దిపేటలోనే హమాలీ పనిలో చేరాడు. కొట్టినవాళ్లను క్షమించాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. పుండు పచ్చిగా ఉండగా క్షమించమని అడగడం కూడా కొట్టడమేనని ఆ కుటుంబం వల్ల తెలుసుకున్నాను. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి వార్డులో, అట్లాంటి మాట పట్టుకుని వచ్చినవాళ్లను, వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా, తలుపు దగ్గరే ఆపేశాను.