డ్రాయింగు సారు వేసిన గది

మా చిన్నప్పుడు బాపు, అంటే మా నాన్న, కురవి జాతరకు ఇంటికి వచ్చేవాడు... ఏడాదికి అదొక్కసారే. మిగతా రోజులన్నీ బొంబాయి పక్కన భీవండిలో, మరమగ్గాల మీద.

వచ్చిన సాయంత్రం గొంగడి పరుచుకుని అక్కడి ముచ్చట్లు చెప్పేవాడు. తనకు సొంత గది ఉందట... దానికో పెద్ద కిటికీ... అందులోంచి చూస్తే రైళ్ళు కనిపిస్తాయట. ఏ రంగువని నేను అడిగితే ఒక్కో రైలుకు ఒక్కో రంగు చెప్పేవాడు. అమ్మ ఎసట్లో బియ్యం పోస్తూ వినేది. "మీ బాపు ఆడ దొర లెక్క ఉంటడు" అని నవ్వేది.

ఒక ఏడు తొర్రూరులో మా బడికి కొత్త డ్రాయింగు సారు వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయన పెరిగింది భీవండిలోనే... వాళ్ళ నాన్న కూడా ఇక్కడినుంచి వలసపోయిన నేతపనివాడు. మాకు మామిడికాయ, జెండా, నెమలి నేర్పేవాడు. బడి విడిచాక మాత్రం తన బొమ్మలు వేసుకునేవాడు. అన్నీ వలసపోయినవాళ్ళవే... ప్లాట్‌ఫారం మీద మూటలు, మూటల మీద నిద్రపోయే పిల్లలు.

బడి వార్షికోత్సవానికి వాటిని వరండాలో తగిలించాడు. జాతరకు వచ్చిన బాపు కూడా మాతో చూడ్డానికి వచ్చాడు.

ఒక బొమ్మ దగ్గర అమ్మ ఆగిపోయింది. ఇరుకు గది. గోడలకు మేకులు, మేకులకు సంచులు. కాలు పెట్టే సందు లేకుండా మగవాళ్ళు పడుకుని ఉన్నారు. ఒకాయన చాప మీదినుంచి లేస్తున్నాడు. ఆయన లేస్తే పడుకుందామని ఇంకొకాయన టిఫిన్ డబ్బాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు... తలనిండా దూది పీచు.

"ఇదెక్కడ సారూ?" అని అడిగింది అమ్మ.

"భీవండి అక్కా. పగలు పనోళ్ళకు, రాత్రి పనోళ్ళకు ఒకటే చాప."

"కిటికీ ఏది?"

"గా గదులకు కిటికీలు యాడియి అక్కా" అని సారు నవ్వాడు. మా ఇంటి ముచ్చట ఆయనకేం తెలుసు...

బాపు మా వెనకే ఉన్నాడు. అమ్మ వెనక్కి తిరగలేదు.

బాపు సారును పక్కకు పిలిచాడు. నేను వేలు పట్టుకుని వెంట వెళ్ళాను.

"ఏంటికి ఏసినవ్ సారూ గిది?"

"ఆ గుమ్మంల నిలబడ్డది మా బాపు, అన్నా. నువ్వు కాదు."

"మా ఆడోళ్ళకు ఎవలైతేంది... ఇన్నేండ్లు దాసుకున్న. నువ్వు తెచ్చి గోడకు కొట్టినవ్."

సారు ముఖం పాలిపోయింది. స్టూలు తెచ్చుకుని బొమ్మ తీయబోయాడు.

"ఉండనియ్" అన్నాడు బాపు. "సూసినంక తీస్తె ఏమొస్తది?"



ఏటా బాపు వెళ్ళేరోజు అమ్మ ఏదో ఒకటి అడిగేది... ఇత్తడి బిందె, గోడగడియారం, నాకు బూట్లు. ఆసారి అప్పాలు మూటకడుతూ కూర్చుంది. చివరికి బాపే అడిగాడు.

"ఏం తేవాలె ఈసారి?"

"ఏం వద్దు."

"పోరనికి బూట్లు?"

"ఉన్నయ్. నువ్వు యాళ్ళకింత తిను."

బాపు సంచి భుజాన వేసుకున్నాడు. మళ్ళీ కింద పెట్టాడు.

"ఏదన్న ఒకటి అడుగు" అన్నాడు.

అమ్మ అప్పాల మూటకు ఇంకో ముడి వేసింది.

ఆ తర్వాత కూడా జాతరలకు వచ్చాడు. నేను రైళ్ళ రంగులు అడగలేదు... ఆయనా చెప్పలేదు. అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. సారు మళ్ళీ ఆ బొమ్మలు ఎక్కడా తగిలించలేదు. బడి గోడల మీద నెమళ్ళు వేస్తూనే రిటైరయ్యాడు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. సారు మీద నాకెప్పుడూ కోపం రాలేదు... బాపు మీద కూడా.

ఇప్పుడు మా వాడకట్టు పిల్లలు దుబాయికి వెళ్తున్నారు. రోజూ వీడియో కాల్... నిండుగా ముఖం, వెనకాల కొంచెం తెల్లగోడ. మీ ఇండ్లలో దూరం వెళ్ళినవాళ్ళు అక్కడి ముచ్చట్లు ఏమని చెప్పేవారో రాయండి...

మా దగ్గర మాత్రం ఫోను జర పక్కకు తిప్పమని ఎవరూ అడగరు.