ఎంగిలి పరీక్ష

గుణదల కొండ కింద కొవ్వొత్తులు అమ్ముకునే శౌరమ్మకు లోకంలో ఉన్నది ఒక్క చెల్లెలే. మొగుడు ఏనాడో పోయాడు, పిల్లల్లేరు. చెల్లెలు వినీల నర్సు చదివి అమెరికా వెళ్లింది. అక్కను తెచ్చుకుంటానని అక్కడ అర్జీ పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ముసలితనంలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉండాలి, శౌరమ్మ కోరుకున్నది అంతే.

తీరా వంతు వచ్చాక, మీరిద్దరూ అక్కాచెల్లెళ్లని రుజువేదని వీసా ఆఫీసువాళ్లు అడిగారు. శౌరమ్మ ఉయ్యూరులో ఇంట్లోనే పుట్టింది. ఆ రోజుల్లో బర్త్ సర్టిఫికెట్ ఎవరు తీయించారు గనక? అయితే డీఎన్ఏ పరీక్ష చేయించుకోమన్నారు. పేలు చూసి, జడలు వేసి, జ్వరమొస్తే రాత్రంతా ఒళ్లో పెట్టుకున్న మనిషి అక్క అవునో కాదో ఎక్కడో ల్యాబులో తేలాలట. వాళ్ల దేశం, వాళ్ల గుమ్మం, ఏమైనా అడుగుతారు.

సంగతి విని శౌరమ్మ గుండె జారిపోయింది. ఆవిడకు తెలిసిన నిజం ఒకటుంది. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. శౌరమ్మకు పదేళ్లప్పుడు ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ తువ్వాల్లో చుట్టి ఒక పసిగుడ్డును తెచ్చింది. కన్నది వదిలేసి వెళ్లిపోయిందట. ఆసుపత్రిలో ఎవరి కాళ్లు పట్టుకుందో, తనే కన్నట్టు బర్త్ సర్టిఫికెట్ కూడా రాయించింది. నెల తిరక్కుండా కాపురం గుణదలకు మార్చేశారు.

"ఇది నీ చెల్లెలు. కాదని ఎవరితోనైనా అన్నావంటే నేను చచ్చినంత ఒట్టు" అని తల్లి తన నెత్తిన చెయ్యి పెట్టించుకుంది. ఆ తల్లీ పోయింది, తండ్రీ పోయాడు. ఒట్టు మాత్రం శౌరమ్మ దగ్గరే ఉండిపోయింది.

ఏవేవో సాకులు చెప్పి తప్పించుకోవాలని చూసింది. వినీలకు ఒళ్లు మండింది.

"నీకు రావడం ఇష్టం లేకపోతే చెప్పక్కా. ఇన్నేళ్లూ నేను పిచ్చిదాన్నై తిరిగానా?"

"అది కాదే. రక్తం తీస్తారా?"

"రక్తం ఎందుకు తీస్తారు? పుల్లతో బుగ్గ లోపల తుడుస్తారు. ఉమ్మి చాలు వాళ్లకి."

ఉమ్మి అనేసరికి శౌరమ్మకు ప్రాణం లేచొచ్చింది. నవ్వకండి. రక్తమైతే పట్టిస్తుంది గానీ ఎంగిలికేం భయం అనుకుంది ఆవిడ. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. పళ్లు రాని చెల్లెలికి చికెన్ ముక్క తన నోట్లో నమిలి పెట్టింది, జామకాయ కొరికి పెట్టింది. ఇద్దరి నోట్లోనూ ఉన్నది ఒకటే ఎంగిలని నమ్మింది. చదువుకున్నవాళ్లు ఎవరైనా కాదని చెప్పేవాళ్లే, కానీ వాళ్లనడగాలంటే అసలు సంగతి బయటపెట్టాలి. హైదరాబాదు వెళ్లి ధైర్యంగా నోరు తెరిచింది.

ఫలితం వినీలకు మెయిల్లో వచ్చింది.

"అక్కా, మనిద్దరికీ రక్తసంబంధం లేదంట" అంది ఫోన్లో.

ఇద్దరిలో బయటి బిడ్డ ఎవరో పరీక్ష చెప్పలేదు. వినీలకు చెప్పనక్కర్లేకపోయింది.

"నాకు బర్త్ సర్టిఫికెట్ ఉంది, నీకు లేదు. అమ్మ నిన్నే ఎక్కణ్ణుంచో తెచ్చుకుని ఉంటుంది. నీకు ముందే తెలుసా?"

కన్నతల్లిని కూడా లాగేసుకుంటున్నావటే అని శౌరమ్మకు అరవాలనిపించింది. ఒక్క మాట అంటే చాలు, అటు మనిషి కుప్పకూలిపోతుంది.

"తెలుసు" అంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్తే అక్కా అని పిలవవేమోనని."

"అదేం మాట? నువ్వెప్పటికీ నాకు అక్కవే" అని వినీల ఏడ్చింది. ఆ ఏడుపులో జాలి ఉంది. ఆ జాలే శౌరమ్మకు చెంపదెబ్బలా తగిలింది.

అర్జీ కొట్టేశారు. రోజూ వచ్చే ఫోన్ వారానికొకసారి అయింది, తర్వాత పండగలకు వచ్చేది. మాట మాత్రం మహా మర్యాదగా ఉండేది. అక్కతో పోట్లాడతారు గానీ దిక్కులేనిదానితో ఎవరు పోట్లాడతారు?

నవంబరులో సమాధుల పండగకు ముందు వినీల డబ్బు పంపి అమ్మానాన్నల సమాధికి గ్రానైట్ వేయించింది. రాతి మీద ఏం చెక్కాలో షాపువాళ్లకు తనే మెసేజ్ పెట్టింది. దగ్గరుండి పని చూసుకోమని శౌరమ్మకు చెప్పింది. మేస్త్రీ ఏసుపాదం రాయి దింపి తుడిచాడు. తల్లిదండ్రుల పేర్ల కింద "ప్రేమతో, ఏకైక కుమార్తె వినీల" అని ఉంది.

"అదేంటి శౌరమ్మక్కా, నీ పేరు మర్చిపోయారే? ఇంకా చోటుంది, చెక్కించమంటావా?"

"మర్చిపోలేదులే. పెట్టెయ్యరా" అంది.

పండగనాడు తన కొట్టులోవే నాలుగు కొవ్వొత్తులు తెచ్చుకుంది. గాలికి మైనం పక్కకు కారుతోంది. కన్నకూతురు వంగి, పెంచుకున్న కూతురి పేరు మీద చుక్క పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది.