ఆంటీ బీపీ మాత్ర

పరాయి దేశంలో, క్లేటన్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో నాకు వాగుడు ఎక్కువ. వారమంతా ల్యాబ్‌లో మెదడు ట్యూమర్ కణాలే లోకం. నోరు విప్పేది ఆదివారమే. చర్చి అయ్యాక భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక ఆంటీ ఇంట్లో భోజనం చేసేదాన్ని. అంకుల్‌కు ఆ ఏడాదే మెదడులో గడ్డకు ఆపరేషన్ అయింది. మందు ఎక్కిస్తూనే ఉన్నా గడ్డ మళ్ళీ పెరుగుతోందని స్కాన్‌లో తేలింది.

ఆయన తిని నడుం వాల్చారు. ఆంటీ గొంతు తగ్గించి అడిగారు.

"అంత మందు ఎక్కిస్తున్నా తగ్గదేంటమ్మా?"

అలా అడిగితే నేను ఆగుతానా? కణం పొరలో పి-గ్లైకోప్రొటీన్ అని ఒకటుంటుందని, పడవలోకి వచ్చిన నీళ్ళు తోడిపోసినట్టు అది మందును బయటికి తోడేస్తుందని చెప్పాను. నెలల తరబడి మందు మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ ల్యాబ్‌లో గాజు డిష్‌లో పెంచే నా కణాలకు ఆ విద్య నేర్పింది నేనేనని గొప్పలు కూడా పోయాను.

"విరుగుడు లేదా?"

"ఉందాంటీ, వెరాపమిల్ అని. మామూలు బీపీ టాబ్లెట్టే. అది పడితే తోడటం ఆగిపోతుంది. డిష్‌లో సెల్స్ అన్నీ డెడ్."

ఆంటీ తింటున్నవారల్లా లేచి, ఎడమచేత్తో తన మాత్రల సీసా తెచ్చారు. "ఇదేనా చూడు."

"అదే!" అన్నాను, పరీక్షలో ఫస్టొచ్చినంత సంబరంగా. బుద్ధిలేనిదాన్ని.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం ల్యాబ్‌కు ఫోన్ వచ్చింది.

"అమ్మా, ఆ మాత్ర రోజుకెన్ని వెయ్యాలి?"

"ఎన్ని వేశారాంటీ?"

"మొన్నటిదాకా రెండు. నిన్నట్నుంచి నాలుగు. నూరి పెరుగన్నంలో కలుపుతున్నా, ఆయనకి తెలీదు. ఇవాళ లేవట్లేదమ్మా. పిలిస్తే ఊఁ అంటున్నారంతే."

"డాక్టర్‌తో చెప్పలేదా?"

"చెప్తే వద్దంటారుగా."

వెంటనే అంబులెన్స్ పిలవమన్నాను. సీసా చూపించి, ఎన్ని వేశారో దాచకుండా చెప్పమన్నాను. ల్యాబ్ కోటు కూడా విప్పకుండా పరుగెత్తాను. వాళ్ళ ఇల్లు నాలుగు వీధుల అవతలే, అయినా ఎంతకీ రాదే! ఆయన పోతే చంపింది నేనే, నా వాగుడే అనుకుంటూ పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికి అంబులెన్స్ మనిషి అంకుల్ మణికట్టు పట్టుకుని వాచీ చూస్తున్నాడు. నాడి ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య అతను ఎదురుచూడటం నాకు కనిపిస్తూనే ఉంది. ఆంటీ సీసా గుండెకు అదుముకుని గోడవారగా నిలబడ్డారు.

సాయంత్రానికి నాడి పుంజుకుంది. గండం గడిచిందని డాక్టర్ చెప్పాక, వార్డు బయట బెంచీ మీద ఆంటీ మెల్లగా అడిగారు.

"నాలుగూ చాల్లేదా అమ్మా?"

"డిష్‌లో వేసేంత డోసు మనిషికిస్తే గడ్డ కంటే ముందు గుండె ఆగిపోతుందాంటీ. మా డిష్‌లో గుండె ఉండదుగా."

ఆమె నా వైపు తిరిగారు. కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"మరి ఆ మాట ఆ రోజే చెప్పలేదేమ్మా?"

నాకు ఆ రోజూ తెలుసు.