పోలమ్మ చేను, పక్క దీవి రాళ్ళు

లాల్మతీ అనే పల్లెలో పోలమ్మకు రెండెకరాల చెరకు చేను ఉండేది. చేను అనడం మర్యాదకే. అందులో సగం రాళ్ళు. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం వాటిని మారిషస్ నిండా చల్లింది. ఏరే పని మాత్రం విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కూలీలకు వదిలేసింది. పోలమ్మ తండ్రి అప్పలస్వామి అలా వచ్చినవాడే. కూలి ఒప్పందం తీరాక ఆ చేను కొని, ఇంటిల్లిపాదికీ ఒక నియమం పెట్టాడు: చేలోంచి బయటికొచ్చే మనిషి వట్టి చేతులతో రాకూడదు, ఒక రాయి తెచ్చి గట్టు మీద వెయ్యాలి. పెళ్ళాం వేసింది, కూతురు వేసింది, పలకరించడానికి వచ్చిన పూజారి కూడా వేశాడు.

వెయ్యనిది అల్లుడొక్కడే. వీరాస్వామి ఇల్లరికం వచ్చాడు. అల్లుడి చేత రాళ్ళు మోయిస్తే ఊరేమంటుందోనని అప్పలస్వామి భయం. మోస్తే తన పరువేమవుతుందోనని వీరాస్వామి భయం. ఇద్దరి భయాలూ చక్కగా కలిశాయి. పదేళ్ళపాటు వీరాస్వామి చెరకు నాటాడు, నరికాడు, బండికెత్తాడు. రాళ్ళ దగ్గరికొచ్చేసరికి పక్కనుంచి నడిచాడు. మధ్యలో మామ పోయాడు. అయినా అలాగే నడిచాడు.

1910 ప్రాంతంలో ఒక గాలివాన చెరకునంతా పడుకోబెట్టి పోయింది. దాంతో అతనికి చేను మీద విరక్తి పుట్టింది.

"ఈ రాళ్ళతోటి నాను ఏగనేను. బూర్బోఁ ఎలిపోదారి," అన్నాడు. పక్కనున్న రెయూనియన్ దీవిని పాతవాళ్ళు అలాగే అనేవారు. అమ్మకం కాగితం కూడా రాయించాడు. చేను పోలమ్మ పేర ఉంది కనక ఆమె వేలిముద్ర ఒక్కటే తక్కువ.

పోలమ్మకు ఆ చేనంటే ప్రాణం. తండ్రి నడుము వంగిపోయింది అక్కడే. కాని మొగుడికి ఎదురు చెప్పే అలవాటు లేదు. "ముందు నువ్వెల్లి సూసిరా మావా. బాగుందంటే ఏలిముద్ర ఏత్తాను," అంది. అన్న పాపానికి, అతను అక్కడున్న రెండు నెలలూ సరిగా అన్నం తినలేదు.

అతను శనివారం ఓడ దిగి ఇంటికొచ్చాడు. వేలిముద్ర వేయించుకోవడానికి సోమవారం గుమస్తా వస్తాడని కబురు ముందే వచ్చి ఉంది.

"అక్కడేటి పండిత్తారు?" అంది పోలమ్మ, గంజి పోస్తూ.

"సెరుకు."

"మాటేటి?"

"మనమాడే క్రియోలే. రెండు మాటలు తేడా."

"గాలివాన?"

"అక్కడ కొట్టి ఇక్కడికొత్తాది, నేదా ఇక్కడ కొట్టి అక్కడికెల్తాది."

"అమ్మోరు?"

"ఉంది. యేపమండలూ, నిప్పుల మీద నడకా. మేమ్ జాఫేర్." క్రియోల్లో అదే సంగతి అని.

అసలు ప్రశ్న మిగిలే ఉంది.

"రాళ్ళు?"

వీరాస్వామి గంజి పూర్తిగా తాగాడు. "మన కొండ రాళ్ళు కనడం మానేసినాది. అక్కడి కొండ ఇంకా కంతంది. నా కల్లతో సూసినాను."

చేను దక్కిందని పోలమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే అతని అరిచేతులు కనబడ్డాయి. తోలు లేచిపోయి కాయలు కాశాయి.

"సేతులకేటయినాది?"

"తిండి కావాల గదా. ఒక దొర సేలో పని దొరికింది."

"ఏటి పని?"

"రాళ్ళేరడం."

"రెండు నెల్లూనా?"

"రెండు నెల్లూ."

సంతోషించాల్సిన పోలమ్మకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచీ మొగుడి మీద గొంతు లేపడం ఆమెకు అదే మొదలు.

"పదేల్లలో మా సేలో ఒక్క రాయి ఎత్తనోడివి, సముద్రం దాటెల్లి ఎత్తినావా?"

"అక్కడ నానెవుడికీ అల్లున్ని కాదు గదే," అన్నాడు వీరాస్వామి. అతని వరకు అది న్యాయమైన సమాధానమే.

"మా అయ్య పోయి నాలుగేల్లయింది. ఇక్కడ మాత్రం నువ్వెవుడికి అల్లుడివి?"

ఈ సంగతి అతనికి ఇన్నాళ్ళూ తట్టలేదు.

సోమవారం గుమస్తా పియర్ సిరా డబ్బా పట్టుకుని వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. వెతుక్కుంటూ చేనుకు వెళ్ళాడు. వీరాస్వామి ఒక పెద్ద రాయిని పొట్టకు ఆనించుకుని మోసుకొస్తూ గట్టు మీద ఎదురయ్యాడు. గుమస్తా దారికి అడ్డంగా నిలబడి, ఆ పొలం కాగితం మాటేమిటని అడిగాడు.

"ఎవరి పొలం?" అన్నాడు వీరాస్వామి క్రియోల్లో. "ముందు పక్కకు జరుగు. బరువుగా ఉంది."