యాభై రెట్ల స్కోపు

గ్రేసీ మొగుడు ఇమ్మానుయేలు కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం రైళ్లు నడిపి రిటైరై, రైఫిల్ క్లబ్బులో చేరాడు. తుపాకీకి ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే స్కోపు చాలు, రెట్లు పెరిగితే చేతి వణుకూ పెద్దదై కనబడుతుందని కోచ్ మొత్తుకున్నాడు. ఈ పెద్దమనిషి వింటేగా! యాభై రెట్లదే తెచ్చాడు.

పోటీనాడు గ్రేసీ చూస్తుండగా బోర్లా పడుకుని గురిపెట్టాడు. సిగ్నల్ కనబడగానే పక్కవాడికి వినబడేలా అరిచి చెప్పే డ్రైవరు అలవాటు పోతుందా? గురిపలక మీది నల్లచుక్క కనబడగానే "కనబడింది!" అని అరిచాడు. ఆ అరుపుకి తుపాకీ అదిరి, చుక్క స్కోపులోంచి మాయమైంది. మళ్లీ వెతికాడు, మళ్లీ అరిచాడు. ఒక్క తూటా పేల్చకుండానే టైమైపోయింది.

"ఈ స్కోపు చాల్లేదే, వంద రెట్లది తేవాలి" అన్నాడు ఇమ్మానుయేలు.

"ఏటి, వంద రెట్లా? ముందా నోటికి బ్రేకెయ్యండి!" అంది గ్రేసీ.