సంతకం పెట్టని రాయబారి

ఆయన సంతకం పెట్టరు. ఉద్యోగమంతా విదేశాంగ శాఖలోనే గడిపి రాయబారి స్థాయికి ఎదిగిన ఆ పెద్దమనిషికి, కలం మూత తియ్యాలంటే ప్రాణం మీదికొచ్చేది. ఆఫీసువాళ్లు చాటుగా ఆయన్ని నాన్చుడుగారు అనేవాళ్లు.

ఇంట్లోనూ ఇదే తంతు. పెళ్లి రిజిస్టరు ముందు పెడితే, "షరతులు ఒక్కసారి చూసుకోవచ్చా?" అని అడిగారట. "అప్పుడే లేచి ఇంటికి వచ్చేయాల్సింది నేను," అంటారు ఆయన శ్రీమతి. పార్సిల్ తెచ్చిన కుర్రాడు సంతకం అడిగితే, "లోపలేముందో చూడకుండా అందిందని ఎలా ఒప్పుకోను నాయనా?" అన్నారు. వాడు దణ్ణం పెట్టి పార్సిల్‌తో సహా వెళ్లిపోయాడు. అందులో ఉన్నవి ఆవిడ కొత్త చెప్పులు.

ఇవన్నీ దగ్గరుండి చూసింది ఆయన సెక్రటరీ. నవ్వుకునేది, విసుక్కునేది. ఒక్క విషయంలో మాత్రం ఆమె కోపం చల్లారలేదు. చేపలవేట ఒప్పందాన్ని ఆయన ఒక కామా దగ్గర ఆపి నాన్చినన్నాళ్లూ పడవలు ఒడ్డునే ఎండాయి. ఆమె అన్నయ్య పడవ అమ్ముకుని కాపలా పనికి కుదిరాడు.

"మీ కామా మా అన్నయ్య పొట్ట కొట్టింది సార్," అని ఒకరోజు మొహం మీదే అనేసింది.

"నిజమేనమ్మా. అది నా తప్పే," అన్నారాయన. ఆ పూట టీ ముట్టలేదు.

ఆ తర్వాత సరిహద్దు ఒప్పందం వచ్చింది. అవతల కాల్పులకు జడిసి పారిపోయి వచ్చిన కుటుంబాలు ఇవతల రేకుల షెడ్లలో తలదాచుకున్నాయి. సంతకం పడిందా, వాళ్లందర్నీ వెనక్కి పంపెయ్యాలి. అవతలేమో కాల్పులు ఇంకా ఆగనేలేదు. నాన్చుడుగారు సమావేశానికో సందేహం బయటికి తీసేవారు.

"పటంలో ఈ వాగు నీలంగా ఉంది. వేసవిలో ఎండిపోతుంది కదా, మరి అప్పుడు సరిహద్దు ఎక్కడున్నట్టు?"

అవతలి ప్రతినిధి తల పట్టుకున్నాడు. వాగు చూసి రావడానికి మనుషుల్ని పంపారు. వాళ్లు వెళ్లేసరికి వానలు పడి వాగు నిండుగా పారుతోంది. ఎండేదాకా ఆగుదామన్నారు నాన్చుడుగారు.

మంత్రిగారికి ఒళ్లు మండింది. ఫోన్ చేసి, "రేపు సంతకం పెడతారా, ఇంటికి పోతారా?" అని నిలదీశారు.

"ఆలోచించుకుని చెబుతానండీ."

"ఆలోచనా లేదు, గీలోచనా లేదు. రేపే!"

ఫోన్ పెట్టేసి నాన్చుడుగారు సెక్రటరీ చేత తన రాజీనామా టైపు చేయించారు. కాగితం చేతికి రాగానే, చదవనైనా చదవకుండా ఒక్క గీతలో సంతకం పెట్టేశారు. సెక్రటరీ ఆ సంతకాన్ని రెండుసార్లు చూసుకుంది. ఆ తర్వాత ఆమెకు కోపం ముంచుకొచ్చింది.

"ఆ షెడ్లలోవాళ్లని నట్టేట వదిలేసి పోతారా సార్? వచ్చేవాడు మొదటిరోజే సంతకం గీకిపారేస్తాడు!"

"ఎలా గీకుతాడమ్మా? రాయబారి మారితే చర్చలు మొదటి అంశం నుంచి మళ్లీ మొదలెట్టాలి. ఆ నియమం కావాలని పట్టుబట్టింది అవతలివాళ్లే. ముందు కొత్తాయన్ని వెతకాలి, అవతలివాళ్లు ఆయన్ని ఒప్పుకోవాలి. ఆపైన కదా సంతకం."

సెక్రటరీకి విషయం మెల్లగా బోధపడింది. ఇన్నేళ్లలో ఆయన నాన్చిన నాన్చుడంతా ఒక ఎత్తు, ఈ రాజీనామా ఒక ఎత్తు.

"అప్పటికి కాల్పులు ఆగుతాయంటారా?"

"ఏమో. ఆగకపోనూ వచ్చు. ఈలోపు బతికుంటారు కదా."

మర్నాడు ఒక పత్రిక ఆయన్ని చేతకాని రాయబారి అంది, ఇంకొకటి ఓర్పుకు మారుపేరంది. అన్నయ్య పడవ తలుచుకుంటే ఆమెకు మొదటి పత్రికను తప్పుపట్టాలనిపించలేదు. షెడ్లు తలుచుకుంటే ఆయన మీద గౌరవం పొంగుకొచ్చింది. రెంటినీ కలిపి ఒక్క మాటలో చెప్పమంటే ఆమెకు చేతకాలేదు.

ఆయన లెక్క తప్పలేదు. కొత్త రాయబారి చాలా ఆలస్యంగా వచ్చారు. మనిషి మాత్రం మహా చురుకు. వస్తూనే కలం బయటికి తీసి, "ఎక్కడమ్మా సంతకం?" అన్నారు.

అవతల కాల్పులు ఆగలేదు, షెడ్లలో కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

"కూర్చోండి సార్, ముందు మొదటి అంశం వినాలి," అంది సెక్రటరీ. మామూలుగా గడగడా చదివే మనిషి, ఆ రోజు గొంతు సవరించుకుని, ఒక్కో కామా దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ చదవడం మొదలుపెట్టింది.